రేకుడబ్బాలోని చాకులు

దసరా పండుగ సమీపించుచున్నది. ఈ మాసమున మన గోష్ఠిలో పిండివంటలను గూర్చియో, బొమ్మలకొలువు తీర్చు విధమును గూర్చియో వ్రాయుదుమని మీరు తలచుచుందురు. వానికి వేఱు పుటలు గలవు. మేము మఱియొక చిన్న వస్తువును గూర్చి ముచ్చటింప దలచితిమి. ఆయుధపూజనాడు కత్తిపీటకును, కొడవలికిని, కుట్టుమిషనునకును పసుపుకుంకుమ లద్ది పూవు లుంచుదుము గదా! ఆ వరుసలో నొక మూల, ఎవరి కంటను బడక, వ్రేలెడంత వస్తు వొకటి పడియుండును. అదియే మడతచాకు.

“ఇల్లాండ్రకు చాకుల ముచ్చట యేల?” యని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను మంచిదే. మాకు చాకు లనిన చిన్ననాటినుండియు ప్రీతి. మా యింట బిస్కత్తులు వచ్చిన పాత రేకుడబ్బా యొకటి గలదు. మొన్నమొన్నటివఱకు అందు పదునొకండు చాకు లుండెడివి. అన్నిటి వెలయు గలిపినను ఒక నడితరపు పట్టుచీర వెలకు చాలదు. ఐనను ఆ డబ్బా మూత తీసిన దినమున మాకు మంచి పుస్తకము చదివినంత సంతోషము కలుగును. ఆ సంతోషమును మీతో పంచుకొనుటకును, దానితోడనే గతసంవత్సరము మేము చేసిన యొక తప్పిదమును దాచక చెప్పుటకును ఈ మాసమున కలము పట్టితిమి.

మాది మల్కాపురము. విశాఖపట్టణపు రేవునకు ఆవలిప్రక్క, ఓడలు కట్టెడి కర్మాగారమునకు చేరువ నున్న యూరు. ఇప్పుడు నగరములో గలిసిపోయినది. మావారు బడిపంతులు. బడిపంతులింట ఖరీదైన వస్తువులను కూర్చుకొను వేడుక సాగదు గదా! కావుననే మా వేడుక చాకులమీదికి పోయినది.

డబ్బాలోని వానిలో కొన్నిటిని మీకు చూపెదము. మొదటిది యిత్తడి చేప. సింహాచలము కొండదిగువ నొక యంగడిలో మా పదవయేట కొన్నది. చేప పొట్టలోనుండి అలుగు వెలికి వచ్చును. తోకకు తాళపుచెవులు తగిలించుకొను కడియము గలదు. పదునుమాత్రము నిలువదు, నిమ్మకాయను కోయుటకే మొరాయించును. ఐనను దాని పొలుసులను చెక్కిన పనివాని యోపికను చూచినపుడెల్ల మాకు దానిపై కోపము రాదు.

రెండవది విజయనగరమున పైడితల్లి యమ్మవారి సిరిమానోత్సవమునకు పోయినపుడు, త్రోవప్రక్క గోనెపట్టాపై పఱచి యమ్ముచున్న కమ్మరియొద్ద కొన్నది. పాతబడిన లారీల కమానుకట్టలను కొలిమిలో కాచి, సాగగొట్టి, కొడవళ్లను కత్తులను చేయుట మన కమ్మరులకు పరిపాటి. లారీ బరువును మోసి వంగి లేచుటకై చేసిన ఉక్కు గనుక అది గట్టిది. నూఱినచో పదును చాలదినములు నిలుచును. ఈ చాకు చూచుటకు మోటు, పనికి దొడ్డది.

మూడవది మా పొరుగున నుండు వృద్ధులొకరు చేసి యిచ్చినది. ఆయన జీవితమెల్ల ఓడల కర్మాగారమున పనిచేసి విశ్రాంతి గొన్నవారు. ఆ కర్మాగారమునకు 1941వ సంవత్సరము జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అందు కట్టిన ‘జల ఉష’ యను ఓడను 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన జవహర్లాలు నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. అంతంత యోడలను కట్టు చోట పనిచేసిన చేతులు, విఱిగిన రంపపుబ్లేడు ముక్కతోను, చేయెడు టేకుచెక్కతోను ఈ చాకును చేసినవి. దీనికి రూపాయియైన ఖర్చు కాలేదు. మేము మాత్రము దీనిని డబ్బాలో పై వరుస నుంచితిమి.

నాలుగవది పాతయినుము దుకాణమున దొరకిన రెండలుగుల కలముచాకు. అలుగు మొదట అరిగిపోయిన ముద్ర గలదు: ఒక నక్షత్రము, దానిప్రక్క నొక శిలువ. ఇంగ్లండులోని షెఫీల్డు నగరపు జోసెఫ్ రాడ్జర్సువారి కంపెనీకి 1764లో ఈయబడిన ముద్ర యిది. ఆ చాకులకు ఎంత పేరు వచ్చెననగా, ఆ ముద్రను దొంగిలించి వేసినవారును పెక్కుమంది బయలుదేరిరి. “నీ చాకు దొరదో దొంగదో!” యని మావారు పరిహసింతురు.

వెల తక్కువ చాకులలోని వినోదమే మనిన, ఏ రెండును ఒక్కరీతిగ నుండవు. కొన్నిటికి పిడి వెన్నున సన్నని యుక్కువిల్లు దాగియుండును. అలుగును గోటిగంటుతో లాగినపుడు ఆ విల్లు వంగి, అలుగు పూర్తిగ తెఱచుకొనగనే టక్కుమని యథాస్థానమునకు వచ్చి దానిని నిలుపును. ఆ సవ్వడి విని విల్లు బలమైనదో డస్సినదో చెప్పవచ్చును. మఱికొన్నిటికి విల్లే లేదు. అలుగు పిడి నొరసికొని బిగువుగ నిలుచును. పొరుగువారు చేసి యిచ్చినది యీ తెగలోనిది. చేతికి తీసికొన్న యొక్క నిమిషములో ఏ పనివా డెట్లు తలచి చేసెనో తెలియును. అందుచేతనే దానిని పుస్తకముతో పోల్చితిమి.

ఇక డబ్బా అడుగున ప్రత్తిగుడ్డలో చుట్టియుండెడిది మా తాతగారి చాకు. గేదెకొమ్ము పిడి, రెండున్నర యంగుళముల అలుగు, మూడిత్తడి రివిట్లు.

మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా చదువంతయు తాతగారి వీథియరుగుమీద జరిగినది. ఉదయమున అమరకోశము, సాయంకాలమున భారతము. పాఠమునకు ముందు ఆయన రొండిని దోపుకొన్న చాకును తీసి మా పెన్సిలును చెక్కెడివారు. చెక్కుట ముగియులోపల నిన్నటి శ్లోకములను అప్పగింపవలెను. శ్లోకములు ముగియకమునుపే చెక్కుట ముగిసినచో, మొనను నేలకు నొక్కి విఱుగగొట్టి మఱల చెక్క మొదలుపెట్టెడివారు. ఆ యేటి పెన్సిళ్లు త్వరగ నరిగినవి కాని, అమరము మాత్రము నేటికిని అరుగలేదు. మాకు ఎనిమిదవ యేడు రాగానే చాకును మాచేత బెట్టి, “ఇకమీదట నీ పెన్సిలు నీవే చెక్కుకొనుము” అనిరి.

ఆయనయొద్ద తాళపత్రములపై వ్రాయు యినుపగంటము గూడ నుండెడిది. పూర్వము తాటియాకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, అంచులను చాకుతో సమముగ కోసి, గంటముతో అక్షరములను గీసి, పిమ్మట మసిని రుద్దెడివారు. అప్పుడుగాని అక్షరము కంటికి కనబడదు. దక్షిణదేశమునను సింహళమునను చేసిన కొన్నిటిలో ఒకే పిడికి ఒకవైపున గంటమును, ఇంకొకవైపున చాకును మడచుకొనునట్లు అమర్చిరి. వస్తుప్రదర్శనశాలలలో అట్టివానిని నేటికిని చూడవచ్చును. చదువుకొన్నవాని చేతి చాకు అట్టిది. దానిని దౌర్జన్యమునకు గుఱుతుగ చూచుట యిటీవలి సంగతి.

మాకు వివాహమై అత్తవారింటికి వచ్చునపుడు తాతగారు ఆ కొమ్ముపిడి చాకును తీసి, “ఇది నీది” అనిరి. కత్తిని బహుమానముగ నిచ్చినచో అనుబంధము తెగునని కొందఱందురు. అందుచే ఆయన చేయి చాచి, “ఊరక యీయను; వెల యిమ్ము” అనిరి. కొంగుముడి విప్పి ఒక రూపాయి యిచ్చితిమి. రెండేండ్లకు ఆయన స్వర్గస్థులైరి.

ఇచ్చట ఉక్కును గూర్చి ఒకమాట చెప్పవలెను. మాయూరికి కొలదిమైళ్లలో విశాఖ ఉక్కు కర్మాగారము గలదు. దానికై తెలుగువారు చేసిన ఆందోళనమును, 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు చేసిన శంకుస్థాపనమును మా యూరి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. అందు తయారగునవి కట్టడములకు వలయు కడ్డీలు, తీగలు, దూలములు; చాకులకు పనికివచ్చు ఉక్కు వేఱు. ఐనను ఉక్కునకును చాకునకును మన తెలుగునేలపై పాతచుట్టరికము గలదు. తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున పూర్వము మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కును చేసెడివారు. పారసీక వర్తకులు అంతదూరమునుండి దానికొఱకు వచ్చెడివారు. దక్షిణదేశపు ఇట్టి ఉక్కును ఇంగ్లీషువారు ‘వూట్జు’ అనిరి. అది మన ‘ఉక్కు’ శబ్దమే వారి నోట మాఱినదని పలువురు పండితుల యభిప్రాయము.

1795లో జార్జి పియర్సను అను వైద్యుడు ఈ యుక్కును పరీక్షించి లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. ఆ సందర్భమున స్టోడార్టు అను లండను కత్తులపనివాడు ఒక ముక్కను కాచి సాగగొట్టి యేమి చేసెనో తెలియునా? కత్తియు కాదు, కటారియు కాదు, ఒక కలముచాకు! దాని వాదర అక్కడి మేలిరకపు ఉక్కుచాకునకు తీసిపోలేదని తేలినది. తరువాత కొంతకాలమునకు ఫారడే పండితుడును ఆ స్టోడార్టుతో గూడి యీ యుక్కునుగూర్చి పరిశోధించెను. ఆ ఫారడే ఒక కమ్మరి కుమారుడు.

ఇంత తెలిసియుండియు మేము తప్పుచేసితిమి. నిరుడు వేసవిలో మా యబ్బాయికి పండ్రెండేండ్లు నిండగనే కమ్మరిచాకు నిచ్చితిమి. పదియేండ్ల యమ్మాయి తనకును కావలెనన్నది.

“నీ కేలనే? పెన్సిలునకు షార్పనరు గలదు; కూరకు కత్తిపీట గలదు” అంటిమి.

“అన్నయ్య కిచ్చితివి గదా అమ్మా?”

“వాడు మగపిల్లవాడు” అంటిమి.

ఆ మాట మా నోటినుండి వెడలినపుడు వీథియరుగు మాకు జ్ఞప్తికి రాలేదు. రావలసియుండినది.

ఆ నెలలోనే ఏటికొప్పాక పోయి లక్కబొమ్మలు చేయువారిని చూచివచ్చితిమి. అక్కడ అంకుడుకఱ్ఱను మరపై త్రిప్పుచు, ఆ యొరపిడి వేడిమికే లక్కను కరగించి రంగులు పట్టింతురు. అంకుడు మెత్తని కఱ్ఱ. ఒక పనివారు మా యమ్మాయి ముచ్చట చూచి చేయెడంత ముక్క నిచ్చిరి.

వారమునకు అమ్మాయి యెడమచేతి బొటనవ్రేలికి గుడ్డపీలిక చుట్టుకొని తిరుగుచుండుట చూచితిమి. ఏమనగా, తలుపుసందున నలిగినదని చెప్పినది. నమ్మితిమి. మూడవనాటి రాత్రి ఒడలు కాలిపోవునట్లు జ్వరము వచ్చినది. గుడ్డ విప్పి చూతుము గదా, వ్రేలు వాచి చీముపట్టి, ఎఱ్ఱని చార యొకటి మణికట్టు దిక్కునకు ప్రాకుచున్నది! ఆ రాత్రి ఆటోలో వైద్యునియొద్దకు పోవుచుండగ మా మనస్సు పడిన తల్లడము తల్లులైన మీకు చెప్పనక్కఱలేదు. ఆయన గాయమును శుభ్రపఱచి, మందులిచ్చి, ధనుర్వాతము రాకుండ సూదివేసి, “ఎందులకు దాచితివమ్మా?” యని యడిగిరి.

“అమ్మ చాకు ముట్టవలదన్నది. చెప్పినచో తిట్టును గదా” యన్నది.

గాయము అరయంగుళమే. అది తెగినపుడే వచ్చి చెప్పియున్నచో నీళ్లతో కడిగి గుడ్డకట్టి యూరకుండెడివారము. దానిని జ్వరమువఱకు తెచ్చినది మేము పెట్టిన భయము.

మఱునాడు ఊడ్చుచుండగ మంచముక్రింద అంకుడుముక్క దొరకినది. ఒక కొస సన్నగ ఓడముక్కువలె తేలియున్నది. డాబామీదనుండి కనబడు ఓడలను చూచి చెక్కుచుండెను గాబోలు. డబ్బా తెఱచి చూచితిమి. తాతగారి చాకు ప్రత్తిగుడ్డలో మునుపటివలెనే చుట్టియున్నది కాని, తడి యాఱకముందే చుట్టుటచేత అలుగుమీద త్రుప్పు చుక్కలు పడినవి. పాపము, నెత్తురును కడిగి పెట్టినది! పిల్లయు చాకును, ఇరువురును దాచుటవలననే చెడిరి.

మావారు బడిలో పిల్లలయొద్ద దొరకిన చాకులను, బ్లేడులను సొరుగులో వేసి తాళము పెట్టుదురు. ఆ నియమమున వారెంత కఠినులో మే మెఱుగుదుము. అట్టివారు ఆ సాయంకాలము, “బడిలో నేను లాగుకొనవలసినదే, ఇంట నీవు నేర్పవలసినదే. ఇండ్లలో నేర్పనంతకాలము నా సొరుగు నిండుచునే యుండును” అనిరి.

మా యత్తగారు మొదట, “ఆడపిల్ల చేతికి కత్తియా!” యని ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. “మఱి మీ చేతి యడకత్తెరయో అత్తయ్యా?” యనగా నవ్విరి. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున రత్నములు పొదిగిన నూర్జహాను పండ్లకత్తి ప్రదర్శింపబడుచున్నది. రాణికి తగినది పంతులుగారి యమ్మాయికి తగకపోవునా? పిమ్మట అత్తగారే మా పాఠమునకు మొదటి సూత్రము చెప్పిరి: “ఇనుమును చేతికి చేయి ఈయరాదు. క్రింద పెట్టుము, ఆమె తీసికొనును.” దీనిని మేము ఇన్నినాళ్లు ఒట్టి నమ్మకమనుకొంటిమి. ఆలోచించి చూడుడు: ఇచ్చువాని చేయి విడువకమున్నే పుచ్చుకొనువాని చేయి పట్టినచో తెగకుండునా? మన పెద్దలు భయము పేర చెప్పినదానిలో ఎంత జాగ్రత్త యున్నది!

ఇట్టి తర్కమే జపాను దేశమునను జరిగినది. అక్కడ ‘హిగోనోకామి’ యను మడతచాకు గలదు. మడచిన రేకు పిడి, ఒక అలుగు, ఒక రివిటు, విల్లు లేదు. మికీ పట్టణపు పనివారు పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి దీనిని చేయుచు వచ్చిరి. పూర్వము బడిపిల్లలందఱి జేబులలోను పెన్సిలు చెక్కుటకు ఇదియే యుండెడిది. 1960లో ఒక యువకుడు రాజకీయనాయకు నొకనిని సభావేదికమీదనే పొడిచి చంపగా, పిల్లల చేతులనుండి చాకులను తీసివేయవలెనను ఉద్యమము దేశమంతట లేచినది. చంపినది ఈ చిన్నచాకు కాదు. ఐనను దీనికిని ఆ నింద తగిలినది. చేయువారు క్రమముగ తగ్గిపోయిరి. చేతితో పెన్సిలు చెక్కలేని పిల్లలు పెరిగిరని కొంతకాలమునకు పెద్దలే విచారించిరి. 1980ల దశకమునుండి నాగానో ప్రాంతమున నొక ప్రాథమికపాఠశాలలో ప్రతి బాలునికిని బాలికకును చాకు నిచ్చి, ఉపాధ్యాయుల కనుసన్నలలో చెక్కుట నేర్పుచు వచ్చిరి.

ఇక మేము నేర్పిన విధము. కూర్చుండి పనిచేయవలెను; చాకు తెఱచి నడువరాదు. చెక్కునపుడు అలుగు మన దేహమునుండి ఆవలికి పోవలెను. కఱ్ఱను పట్టిన చేతి వ్రేళ్లు అలుగు దారికి వెనుక నుండవలెను; మా యమ్మాయికి తెగినది ఈ నియమము తెలియకయే. విల్లుచాకుతోను, విల్లు లేనిదానితోను మొనతో పొడువరాదు. పొడిచినపుడు అలుగు మడచుకొని వ్రేళ్లమీదికి వచ్చును. మొద్దుచాకు పదునుచాకుకంటె ప్రమాదకరము. అది కోయక జాఱును. అన్నిటికంటె ముఖ్యమైనది కడపటిది: తెగినచో వెంటనే చెప్పవలెను, చెప్పినందులకు తిట్టుట యుండదు. ఈ కడపటి నియమము పిల్లకు కాదు, మాకు.

తెగినపుడు కాఫీపొడియో పసుపో అద్దుటకు పరుగెత్తవలదు. శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి నెత్తురు ఆపి, పాఱు నీటిలో బాగుగ కడిగి, పొడిగుడ్డ కట్టవలెను. లోతుగ తెగినను, వాపు కనబడినను వైద్యునియొద్దకు పోవలెను. ధనుర్వాతము త్రుప్పువలన వచ్చునని లోకము తలచును. దానికి కారణము మట్టిలోను పేడలోను నుండు క్రిమి. కావున చాకు తళతళలాడుచున్నను టీకా మఱవరాదు.

చాకును కాపాడుట యింకొక పాఠము. మావంటి రేవుటూరి ఉప్పుగాలికి మామూలు ఉక్కు ఒక్క రాత్రిలో త్రుప్పుపట్టును. త్రుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కులో నూటికి పదిపాళ్లకు మించి క్రోమియము కలిపియుందురు. అది పైని కంటికి కనబడని పొరయై కాచును. మామూలు ఉక్కుతో మామిడికాయ కోసిన వెంటనే కడిగి, తుడిచి, తెఱచియుంచి యారనిచ్చి, పిమ్మటనే మడువవలెను. అలుగు నల్లబడిన చింతవలదు. ఆ నలుపు త్రుప్పు కాదు. కీలునకు కొబ్బరినూనె వేయరాదు, కొన్నాళ్లకు జిగురుకట్టును. కుట్టుమిషను నూనె యొక చుక్క చాలును. త్రుప్పు చుక్కలను బూడిదయు నూనెయు కలిపి గుడ్డతో రుద్ది తీయవచ్చును. తాతగారి చాకును మే మట్లే బాగుచేసితిమి.

నూఱుటకు సానరాయి లేనిచో పింగాణికప్పును బోర్లించి, అడుగున గరుకుగ నుండు అంచుమీద నూఱవచ్చును. అరయంగుళపు వెడల్పుగల అలుగునకు వెన్నును రెండు రూపాయిబిళ్లల మందము పైకెత్తి, రెండువైపులను సమముగ, మెల్లగ లాగవలెను. పదును తెలిసికొనుటకు వ్రేలిని వాదరమీద పెట్టవలదు. కాగితపు ముక్కను కోసి చూడుడు. చప్పుడు లేక తెగినచో చాలును.

కొనదలచినవారికి రెండుమాటలు. అలుగు మూడంగుళములు మించనక్కఱలేదు. తెఱచి అటునిటు కదిపి చూడుడు. రివిటుకడ ఊగులాడునది వలదు. మెఱుగును చూచి మోసపోరాదు. బంగారుకత్తి యని మెడ కోసికొందుమా? చలనచిత్రములలో దుర్మార్గుల చేత మెఱయు రాంపూరు పొడుగు చాకుల జోలికి మేము పోము; మనకు కావలసినది పనిముట్టు. ఇంటనుండి బడికిని, విమానములో చేతిసంచిలోనికిని చాకు పోరాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

నిరుడు విజయదశమినాడు డబ్బాలోని చాకులన్నిటిని అమ్మవారి ముందుంచి పూజించితిమి. హారతి యైన పిమ్మట తాతగారి చాకును తీసి నేలపై బెట్టి, “ఊరక యీయను, వెల యిమ్ము” అంటిమి. అమ్మాయి తన మట్టిపిడతను పగులగొట్టబోగా, అత్తగారు వారించి చిల్లులోనుండి పుల్లతో ఒక రూపాయిని లాగియిచ్చిరి. వ్రేలిమీది మచ్చ అప్పటికి తెల్లబడినది.

ఏడాది గడచినది. అంకుడుకఱ్ఱ యోడ పూర్తియైనది. పొగగొట్టము కొంచెము ప్రక్కకు వంగినది కాని, ఈ దసరాకు మా బొమ్మలకొలువులో అదియే పై మెట్టున నుండును. ఈ యేడాదిలో అమ్మాయికి రెండుమారులు వ్రేలు తెగినది. రెండుమారులును పరుగున వచ్చి చెప్పినది.

సోదరీమణులారా! మీ యిండ్లలోను పాతపెట్టెల యడుగున, తాతగారివో అమ్మమ్మగారివో, చాకులును అడకత్తెరలును పడియుండును. ఈ పండుగకు వానిని వెలికితీసి తుడువుడు. అవి యెవరివో పిల్లలకు చెప్పుడు. తగిన వయస్సు వచ్చినపుడు, మీ కన్నులయెదుట, వారి చేతికిండు. మా రేకుడబ్బాలో నిప్పుడు చాకులు తొమ్మిది. అడుగున నున్న ప్రత్తిగుడ్డలో రూపాయిబిళ్ల గలదు.